మైకు కొనే ముందు చప్పట్లు కొట్టండి

కంభంలో రైలెక్కి గుంటూరు, అక్కణ్నుంచి విజయవాడ. మా వైపు భజన పాడేవాళ్లకైనా, చర్చి పాటలు కట్టేవాళ్లకైనా మంచి రికార్డింగ్ కావాలంటే నిన్నమొన్నటిదాకా ఇదే దారి. స్టూడియో అద్దె గంటల లెక్కన. కీబోర్డాయనకు వేరే, తబలాయనకు వేరే. ప్రయాణపు బడలికతో గొంతు విప్పేసరికే మొదటి గంట గడిచిపోయేది. ఇప్పుడు ఇంట్లో ఓ మాదిరి లాప్‌టాప్ ఉంటే మరో పాతిక వేలలో పనవుతుంది. అయితే ఆ పాతిక వేలు ఏ వరసలో ఖర్చు పెడతామన్న దాంట్లోనే ఉంది కిటుకంతా.

నేను వరస తప్పాను. ముందే మంచి కండెన్సర్ మైకు కొన్నాను. మొదటి పాటలో నా గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపించింది. వెనక సీలింగ్ ఫ్యాను, మధ్యలో పక్కింటి కుక్కరు మూడు విజిల్స్. అంత సున్నితమైన మైకు కాబట్టి ఒక్కటీ వదల్లేదు.

మొదట గది

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పట వెంట "టర్ర్" అని సన్నటి మోత సాగితే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా తిరుగుతోందని అర్థం. మన ఇళ్లల్లో ఇది ఎక్కువ. కింద బండలు, చుట్టూ సిమెంటు పూత, పైన శ్లాబు. మార్కాపురం పలకరాయి మీద అక్షరాలు దిద్దాం, సంతోషమే. కానీ రాయి ఏదైనా శబ్దాన్ని మింగదు, తిప్పికొడుతుంది.

రెండు గదులుంటే చదరంగా లేనిదాన్ని ఎంచుకోండి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. పదడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర మోత లేస్తుంది. పది బై పది గదిలో పొడవూ వెడల్పూ రెండూ అదే చోట మోగి డోలక్ గుమ్ము ఊదిపోతుంది. రేకుల గది వద్దు. ఎండాకాలం కూర్చోలేం, వానొస్తే పాడలేం. బట్టలతో నిండిన బీరువా, పరుపులు, పాత బొంతలు పడేసే గది ఉంటుందే, ఇల్లంతా చిన్నచూపు చూసేది, అదే మీ స్టూడియో.

కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకండి. నేను ఒక గోడంతా అంటించాను. మా మావ గుమ్మంలోనే ఆగి, "ఏందిరా ఇది, గుడ్ల కొట్టు పెట్టినావా?" అన్నాడు. పలచటి అట్ట పైస్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడుతుందేమోగాని గొంతులోని గంభీరాన్ని పట్టలేదు, బయటి చప్పుడును ఆపనే ఆపదు. శబ్దాన్ని మింగేది మందం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల లోతున చెక్క ఫ్రేములు వడ్రంగితో చేయించి, లోపల రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలు పెట్టి, పైన గుడ్డ బిగించండి. రాక్‌వూల్ దొరక్కపోతే పాత పరుపుల దూది చాలావరకు ఆ పని చేస్తుంది. కాకపోతే దూదికి నిప్పంటుకుంటుంది, కరెంటు తీగలకు దూరంగా ఉంచాలి. ఫ్రేముకూ గోడకూ మధ్య మూడు నాలుగంగుళాల సందు వదిలితే ఇంకా బాగా పనిచేస్తుంది.

ఎక్కడ పెట్టాలి? అందరూ మైకు వెనక పెడతారు. పాడే మనిషి వెనక పెట్టాలి. మైకు చూసేది ఆ వైపే కదా, ఆ గోడ నుంచి తిరిగొచ్చేదే దానికి ముందు వినపడుతుంది. తర్వాత రెండు పక్కల, నోటి ఎత్తున. కింద జంపఖానా. ఇప్పుడు మళ్లీ చప్పట కొట్టండి. పొడిగా "టప్" అని ఆగిపోతే గది సిద్ధమైనట్టే.

బయటి చప్పుడు సంగతి వేరు. దాన్ని బొంతలు ఆపవు. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ వేయండి, కిటికీ మూయండి, మిగతాది కాలానికి వదలండి. తెల్లవారుజామున గుడి మైకు, అజాన్, సాయంత్రం ట్రాఫిక్కు, మధ్యమధ్య గుంటూరు–గుంతకల్లు లైను మీద కూత. మాకు కుదిరిన వేళ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు. ఆ తర్వాత కుక్కలది రాజ్యం. ఫ్యాను కట్టేసి పాడాలి కాబట్టి మే నెలలో ఒక టేకు, ఒక చెంబు నీళ్లు, మళ్లీ ఒక టేకు.

కరెంటు

దీని గురించి బెజవాడ వాళ్లు మనకు చెప్పరు, వాళ్లకు ఈ బాధ తక్కువ. హెడ్‌ఫోనులో సన్నగా "మ్మ్" అని హమ్ వస్తుంటే లాప్‌టాప్ చార్జరు తీసి చూడండి. ఆగిపోతే లోపం మైకుది కాదు, చార్జరుదో ఎర్తింగుదో. మనది రాతినేల, ఎండలకు లోపలిదాకా ఎండిపోతుంది. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చేది తడి నిలవడానికే. వేసవిలో దానికి అప్పుడప్పుడు నీళ్లు పోయడం ఇంట్లో ఎవరూ గుర్తుంచుకోరు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఒకసారి చూపించండి. హమ్ పోతుందని మూడో పిన్ను విరిచే తెలివి మాత్రం వద్దు, ప్రాణం మీదికొస్తుంది. అప్పటిదాకా ఖర్చులేని ఉపాయం: నిండా చార్జి చేసి, బ్యాటరీ మీద రికార్డు చేయండి. ఇన్వర్టరు కొనేటప్పుడు సైన్‌వేవ్‌దే కొనండి, స్క్వేర్‌వేవ్‌ది జుయ్యిమంటుంది.

సామాను

ఇప్పుడు బజారుకు. గదికి మూడు వేలు పోయాయనుకుందాం. సౌండ్‌కార్డు, అంటే మైకును యూఎస్‌బీ ద్వారా లాప్‌టాప్‌కు కలిపే పెట్టె, పది పన్నెండు వేలలో ఫోకస్‌రైట్, ఎం-ఆడియో లాంటివి వస్తాయి. ఒక మైకు ఇన్‌పుట్ చాలు. 48 వోల్టుల మీట ఉందో లేదో చూసుకోండి, రేపు కండెన్సర్ కొంటే దానికి ఆ కరెంటు కావాలి.

మైకు మాత్రం మొదట డైనమిక్‌దే తీసుకోండి. దగ్గరి గొంతును పట్టి, దూరపు చప్పుడును చాలావరకు వదిలేస్తుంది. డైనమిక్ అంటే చులకన అక్కర్లేదు: 1982 నాటి మైకేల్ జాక్సన్ "థ్రిల్లర్"లో ఆయన గొంతు పట్టింది షూర్ ఎస్‌ఎం7 అనే డైనమిక్ మైకే. 1966 నుంచి తయారవుతున్న షూర్ ఎస్‌ఎం58 తొమ్మిది పది వేలుంటుంది. మూడు నాలుగు వేలలోనూ పనికొచ్చేవి ఉన్నాయి. 58కి నకిలీలు ఎక్కువ, మరీ చవగ్గా కనబడితే అనుమానించండి. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోను నాలుగైదు వేలు. స్టాండు, కేబులు కలిపి పదిహేను వందలు. స్పీకర్లు ఇప్పుడు వద్దు.

ఇంటి వెనక గదిలో ఏమవుతుందిలే అనేవాళ్లకు ఒక మాట. ఏఆర్ రెహమాన్ 1989లో కోడంబాకంలో తన ఇంటి పెరట్లోనే పంచతన్ స్టూడియో కట్టుకున్నారు. 1992 నాటి "రోజా" పాటలు పుట్టింది అక్కడే. రెహమాన్‌దే మరో బాణీని 2018లో తూర్పు గోదావరి వడిసలేరు పసల బేబి పాడితే, ఫోనులో తీసిన వీడియో ఊళ్లు దాటి, సంగీత దర్శకుడు కోటి పిలిచి పాడించేదాకా వెళ్లింది.

సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టకండి. ఆడాసిటీ ఉచితం. కాస్త నేర్చుకునే ఓపికుంటే రీపర్ మేలు, అరవై రోజులు ఊరికే వాడి చూడొచ్చు.

పాడించడం

సెట్టింగులో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. బఫర్ 128 శాంపిళ్లు. అప్పుడు బఫరు వల్ల ఒక వైపు ఆలస్యం మూడు మిల్లీసెకన్ల లోపే. 1024 పెడితే ఇరవై దాటి, పాడేవాళ్లకు తమ గొంతు తమకే వెనకబడి వినిపిస్తుంది.

డైనమిక్ మైకుకు బెత్తెడు దూరం, కండెన్సరుకు జానెడు. పాటలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే చరణాన్నే పాడించి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా సౌండ్‌కార్డు మీద గెయిన్ తిప్పండి. పల్లవి చూసి తిప్పితే చరణంలో ఎర్రదీపం వెలుగుతుంది, పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ అతికించలేరు. మన భాషలో భ, ఫ, ప పలికినప్పుడు గాలి మైకును కొడుతుంది. కుట్టుపని రింగుకు నైలాన్ మేజోడు బిగించి మైకు ముందు పెట్టండి, మైకును కొంచెం పక్కకు తిప్పండి.

మెట్రోనోమ్ క్లిక్ చెవిలో పెట్టి పాడమంటే మా భజన పెద్దలకు నచ్చలేదు. వాళ్ల పక్షమే సరైనదని ఆలస్యంగా తెలుసుకున్నాను. భజన నెమ్మదిగా మొదలై పోనుపోను వేగమందుకుంటుంది. క్లిక్ దాని కాళ్లు కట్టేస్తుంది. అందుకని ముందు డోలక్, పాట కలిపి ఒక గైడ్ ట్రాక్ తీసుకోవాలి. దాన్ని చెవిలో వింటూ డోలక్ మళ్లీ, తర్వాత హార్మోనియం, చివర గొంతు. హార్మోనియానికి మైకు తిత్తి వైపు పెడితే ఉబ్బసం వచ్చినట్టు ఊపిరి వినిపిస్తుంది; మెట్ల మీద అడుగెత్తున పెట్టండి. తాళాలు అన్నిటికన్నా మొండివి. గదిలో దూరపు మూల కూర్చోబెట్టినా, ఎవరిని తీస్తున్నా మైకులోకి దూరతాయి కాబట్టి వాటిని ఒంటరిగా, చిట్టచివర తీయండి.

డప్పును గదిలోకి తేవద్దు. దొడ్లో పెట్టండి. గోడలు లేనిచోట ప్రతిధ్వనే ఉండదు, మంటకు కాచుకోవడానికీ వీలు. మైకు రెండు మూడు గజాల అవతల. దెబ్బ సడలినట్టనిపిస్తే టేకు ఆపి మళ్లీ కాచనివ్వాలి, మిక్సింగులో బాగుచేద్దాంలే అనుకోవద్దు. అందంగా ఉంటుందని కంభం చెరువు కట్ట మీదికి పోదామంటారు కుర్రాళ్లు. ఫొటోలకు పొండి. అక్కడి గాలికి మైకులో గాలి తప్ప ఏమీ పడదు.

మిక్సింగు మొదట్లో తక్కువ చేస్తే మేలు. గొంతులో 80 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి, కొద్దిగా కంప్రెషన్ (గొంతు హెచ్చుతగ్గులు సర్దడం), అంతకన్నా కొద్దిగా రివర్బ్ (గది మోత కలపడం). మర్నాడు పొద్దున ఫోను స్పీకరులో వినండి, ఎక్కువమంది వినేది అందులోనే. మాట అర్థం కాకపోతే గొంతు పెంచకండి, హార్మోనియం తగ్గించండి.

యూట్యూబులో పెట్టేముందు పాట ఎవరిదో చూసుకోవాలి. రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. సినిమా పాటను మీ గొంతుతో కొత్తగా రికార్డు చేసి విడుదల చేయాలంటే 1957 కాపీరైటు చట్టం 31సి సెక్షను ప్రకారం ముందు నోటీసు, రాయల్టీ; అదీ మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడిస్తేనే. అవ్వల నోటి పాటలకు ఈ గొడవ లేదు, వాటితోనే మొదలుపెట్టండి.

మా గదిలో మొదటి పాట మావదే. హెడ్‌ఫోను పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. రెండో చరణం దగ్గర చెయ్యెత్తాడు. "ఈడ శృతి జారినాను. ఇంకోతూరి పాడతా, ఆ ఫ్యాను కట్టెయ్."