తప్పు చెవిదా, గిటారుదా?

ఒకసారి మా విద్యార్థి ఒకడు పాత గిటారు తెచ్చి, “మాస్టారూ, నాకు శ్రుతిజ్ఞానం లేదండీ, నేర్చుకోవడం మానేస్తాను” అన్నాడు. ఉత్త తీగలు మీటితే శ్రుతి బాగానే ఉంది. బ్రిడ్జి వైపు మెట్లు నొక్కేకొద్దీ అపస్వరం పలుకుతోంది. తప్పు ఎవరిది? కొలిచి చూద్దాం.

అది ఉబ్బెత్తు పలక గిటారు. వయొలిన్‌లో వలెనే దీని పైపలక వంపు తిరిగి ఉంటుంది. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1922లో తెచ్చిన ఎల్-5 ఈ రకంలో ప్రసిద్ధమైనది. దానికి ఎఫ్ ఆకారపు రంధ్రాలు కూడా పెట్టారు. ఈ రకంలో బ్రిడ్జిని జిగురుతో అతికించరు. తీగల ఒత్తిడే దానిని నిలబెడుతుంది. కనుక అది జరగవచ్చు.

మొదటి పరీక్ష: మెడ. తీగను 1వ, 14వ మెట్ల వద్ద నొక్కిపట్టండి. బిగువైన తీగ స్కేలు వలె తిన్నగా ఉంటుంది. 7వ మెట్టు వద్ద దాని కింద సుమారు పోస్టుకార్డు మందం సందు ఉండాలి. సందు మరీ ఎక్కువైతే మెడ వంగినట్లే. మెడలోని ఉక్కు కడ్డీని మీరు తిప్పకండి. పని తెలిసినవారికి చూపండి.

రెండవ పరీక్ష: ఎత్తు. 12వ మెట్టుకూ తీగకూ మధ్య సుమారు 2 మి.మీ. ఖాళీ ఉంటే మేలు. ఎక్కువైతే వేళ్లు నొప్పి పుడతాయి. తక్కువైతే తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది.

మూడవ పరీక్ష: బ్రిడ్జి స్థానం. 12వ మెట్టుకు ఎదురుగా తీగను వేలితో తాకీ తాకనట్లు తాకి మీటండి. అక్కడ అస్పందన బిందువు ఏర్పడి, ఉత్త తీగకు రెట్టింపు పౌనఃపున్యం గల స్వరం వస్తుంది. తరువాత అదే మెట్టును నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటి కావాలి.

ఎందుకు? బిగువు మారకపోతే పౌనఃపున్యం తీగ పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. తీగ 63 సెం.మీ., 12వ మెట్టు 31.5 సెం.మీ. వద్ద ఉన్నాయనుకొందాం. 110 హెర్ట్జ్‌ల తీగ సగమై 220 పలుకుతుంది. బ్రిడ్జి 6 మి.మీ. ముందుకు జరిగితే మొత్తం 62.4, మెట్టు తరువాత మిగిలేది 30.9 సెం.మీ. తీగను మళ్లీ 110కి శ్రుతి చేసినా, మెట్టు నొక్కితే సుమారు 222 పలుకుతుంది. 220తో కలిపి వింటే సెకనుకు 2 విస్పందనాలు!

మరొక చిక్కు ఉంది. నొక్కినప్పుడు తీగ సాగి బిగువు పెరుగుతుంది. స్వరం కొంచెం హెచ్చుతుంది. అందుకే బ్రిడ్జిని లెక్కకు వచ్చిన చోటు కన్నా కొద్ది మి.మీ. వెనుకగా ఉంచుతారు. తీగల ఎత్తు మారితే ఈ సాగుదల కూడా మారుతుంది. కనుక ఈ పరీక్ష చివరనే చేయాలి.

మన వీణలో మైనం మీద మెట్లను సర్ది మేళం కడతారు. ఇక్కడ మెట్లు కదలవు, బ్రిడ్జిని కదుపుతాము.

మా వాడి గిటారుకు తీగలు మార్చేటప్పుడు ఎవరో అన్నిటినీ ఒకేసారి విప్పారట. బ్రిడ్జి ఊడితే ఉజ్జాయింపుగా నిలబెట్టారు. తీగలు కొంచెం వదులు చేసి, బ్రిడ్జిని కొద్దికొద్దిగా వెనక్కు జరిపి, మళ్లీ శ్రుతి చేసి చూశాము. నాలుగోసారికి రెండు స్వరాలూ కలిశాయి. ఆ కలయికను ముందుగా కనిపెట్టింది నేను కాదు, తనకు శ్రుతిజ్ఞానం లేదన్న ఆ కుర్రవాడే!

ఆలోచించండి: నొక్కిన స్వరం తక్కువగా పలికితే బ్రిడ్జిని ఎటు జరపాలి?