నాణెములోని రహస్యము

దాగియున్న వస్తువును వెదకి కనుగొనవలెనను కుతూహలము మానవునకు సహజము. దాగుడుమూతలాడు పసివానికిని, పొడుపుకథ విప్పు వృద్ధునకును ఈ కుతూహలము సమానమే. అయితే దాచుట రెండు విధములు. ఇతరుల కంటబడకుండుటకై దాచుట యొకటి. ఇతరులు శ్రమించి కనుగొనుటకై దాచుట మరియొకటి. మొదటిది గూఢచారుల వృత్తి. రెండవది నేడు ప్రపంచమంతట వ్యాపించిన యొక క్రీడ. ఈ రెండింటికిని గల పోలికయు, భేదమును తెలిసికొనదగినవి.

అది 1953వ సంవత్సరము జూన్ 22వ తేదీ. అమెరికాలో న్యూయార్కు నగరమునందలి బ్రూక్లిన్ ప్రాంతమున, వార్తాపత్రికలు పంచు బాలుడొకడు ఇంటింటికిని తిరిగి డబ్బు వసూలు చేయుచుండెను. చేతికి వచ్చిన చిల్లరలో ఐదు సెంట్ల నాణెమొకటి వానికి తేలికగా తోచెను. అది నేలపై బడి రెండు బిళ్లలుగా విడిపోయెను. లోపల బోలు! ఆ బోలులో మిక్కిలి చిన్న ఛాయాచిత్రము. అందు ఐదేసి అంకెల చొప్పున బారులు తీర్చిన సంఖ్యలు. ఆ నాణెము పోలీసుల ద్వారా ఎఫ్.బి.ఐ. అను కేంద్ర దర్యాప్తు సంస్థకు చేరెను. అచ్చటి నిపుణులు దాదాపు నాలుగేండ్లు శ్రమించినను ఆ అంకెల భావము బోధపడలేదు.

1957వ సంవత్సరమున హెయ్హానెన్ అను సోవియట్ గూఢచారి పారిస్ నగరమందలి అమెరికా రాయబార కార్యాలయమునకు వచ్చి తనంతట తాను లొంగిపోయెను. గూఢలిపికి కీలకమైన రహస్యములను అతడే తెలిపెను: మంచు కురియుటను తెలుపు ఒక రష్యన్ పదము, ఒక పాటలోని భాగము, ఒక చారిత్రక దినము, తనకు కేటాయింపబడిన ఒక సంఖ్య. ఈ నాలుగింటి సాయమున నాణెములోని సందేశము విడివడెను. అది హెయ్హానెన్ అమెరికా చేరిన కొత్తలో అతనికే పంపబడిన స్వాగత సందేశము!

హెయ్హానెన్ మరికొన్ని రహస్యములను గూడ బయటపెట్టెను. గూఢచారులు ఒకరినొకరు కలిసికొనుట అపాయకరము. కావున ఒకడు ఉద్యానవనములోనో, గోడ సందులోనో సందేశమును దాచి పోవును. మరియొకడు వచ్చి తీసికొనును. బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్కులో మెట్ల మధ్యనున్న ఒక రంధ్రము అట్టి స్థానమే. అధికారులు వెళ్లి చూడగా, పార్కు పనివారు ఆ రంధ్రమును సిమెంటుతో పూడ్చివేసి యుండిరి. సిమెంటు పగులగొట్టినంత రెండంగుళముల బోలు బోల్టు ఒకటి బయటపడెను. నిర్ణయించిన చోటికి ఎవరును రాలేదేమని ప్రశ్నించు చీటి యొకటి దానిలో నుండెను. అడిగినవాడు సమాధానమునకై ఎదురుచూచుచునే యుండును. ప్రశ్న మాత్రము సిమెంటు క్రింద సమాధియయ్యెను. మెట్లు బాగుచేసిన పనివారికి తామేమి చేసితిమో తెలియదు.

హెయ్హానెన్ తెలిపిన జాడలను బట్టి రుడాల్ఫ్ ఏబెల్ అను పేరుతో నున్న పెద్ద గూఢచారి 1957 జూన్ నెలలో పట్టుబడెను. అతనికి ముప్పదియేండ్ల కారాగార శిక్ష విధింపబడెను. 1962 ఫిబ్రవరి 10న బెర్లిన్ చెంతనున్న ఒక వంతెనపై, సోవియట్ దేశమున బందీగానున్న అమెరికా విమానచోదకుడు పవర్స్‌కు బదులుగా అతడు విడిచిపెట్టబడెను.

ఇక రెండవ విధమైన దాచుటను చూతము. భూమి చుట్టును తిరుగు ఉపగ్రహముల సంకేతములను గ్రహించి, తానున్న స్థానపు అక్షాంశ రేఖాంశములను తెలుపు పరికరములు కలవు. అవి జి.పి.ఎస్. అను అమెరికా ఉపగ్రహ వ్యవస్థపై ఆధారపడినవి. ఆ దేశ ప్రభుత్వము రక్షణ కారణములచే సామాన్యులకు అందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా దోషమును చేర్చుచుండెను. 2000వ సంవత్సరము మే నెల ఆరంభమున ఆ దోషము తొలగింపబడెను. వెంటనే, మే 3వ తేదీన, డేవ్ అల్మర్ అనునతడు అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ సమీపమందలి అడవిలో ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశములను ఇంటర్నెట్టులో ప్రకటించెను. మూడు దినములలోనే దానిని ఇద్దరు కనుగొనిరి. జియోకాషింగ్ అను క్రీడ ఇట్లు జన్మించెను. 2017 నాటికి ప్రపంచమున దాచబడియున్న డబ్బాల సంఖ్య 30 లక్షలకు చేరెను.

ప్రతి డబ్బాలోను చిన్న పుస్తకముండును. కనుగొన్నవాడు అందు తన పేరును, తేదీని వ్రాసి, డబ్బాను యథాస్థానమున ఉంచవలెను. లోపలి చిన్న వస్తువును తీసికొన్నచో, దానికి సమానమైన వస్తువును బదులుగా పెట్టవలెను.

ఈ డబ్బాలలో కొన్ని చిక్కుముడులతో కూడినవి. ప్రకటించిన స్థానమున వెదకిన ఏమియు లభింపదు. చిక్కు విప్పినవానికే నిజమైన స్థానము తెలియును. గూఢచారి కథలతో అల్లిన చిక్కులు ఆటగాండ్రకు మిక్కిలి ప్రియమైనవి. అట్టి చిక్కు ఎట్లుండునో ఒక ఉదాహరణమున చూడుడు.

పట్టుబడిన చారుని జేబులో ఒక చీటి దొరకినదని కథ చెప్పును. చీటిపై 8, 0, 5 అను అంకెలు కలవు. ప్రక్కన మూడు గంటలు చూపు గడియారపు బొమ్మ, క్రింద 14 అను సంఖ్య. రోమక సేనాని జూలియస్ సీజరు రహస్యలేఖలలో ఒక్కొక్క అక్షరమునకు బదులు మూడు స్థానముల తరువాతి అక్షరమును వ్రాసెడివాడని చరిత్ర తెలుపుచున్నది. గడియారము సూచించునది ఆ మూడే. ఒకడు తొందరపడి అంకెలను మూడేసి ముందునకు జరిపెననుకొందము. 8 జరిగి 1 అగును. 0 జరిగి 3 అగును. 5 జరిగి 8 అగును. 138 యొక్క అంకెల మొత్తము 12. చీటిలో 14 కదా! కావున దారి తప్పినది. వ్రాసినవాడు ముందునకు జరిపినచో, చదువువాడు వెనుకకు జరుపవలెను. అప్పుడు 8 బదులు 5, 0 బదులు 7, 5 బదులు 2 వచ్చును. 5, 7, 2 కలిపిన 14. ఇదియే సరియైన సమాధానము.

ఈ 572 అక్షాంశమునందు నిమిషములో వేయవ వంతులను తెలుపుననుకొనుడు. అక్షాంశపు నిమిషమనగా నేలపై సుమారు 1,850 మీటర్లు. దానిలో వేయవ వంతు రెండు మీటర్లకు లోపు. 138 అని నమ్మి బయలుదేరినవాడు అసలు చోటికి సుమారు 800 మీటర్ల దూరమున పొదలు వెదకుచుండును. కూడి సరిచూచుకొనుటకు పట్టునది అరనిమిషము. చూచుకొననివానికి పోవునది ఒక పూట.

దాచువానికిని బాధ్యత కలదు. 2011వ సంవత్సరమున ఇంగ్లండులోని వెదర్‌బీ పట్టణమున ఒక ఫలహారశాల వెలుపల ఆటగాడు దాచిన చిన్న పెట్టెను చూచి, బాంబుగా భయపడి, పోలీసులు వీధిని మూసివేసిరి. సైనిక నిపుణులు వచ్చి దానిని పేల్చివేసిరి. ఆటవస్తువని తెలియువరకు ఎంత ఆందోళన! జనసమ్మర్దముగల చోట సందేహాస్పదముగా దాచుట తగదని ఈ సంఘటన బోధించుచున్నది.

గూఢచారికిని, ఈ ఆటగానికిని కావలసిన గుణములు ఒక్కటే: చురుకైన చూపు, ఓర్పు, తర్కము. ఫలితము మాత్రము భిన్నము. నాలుగేండ్లు నిపుణులకు లొంగని ఆ గూఢలిపి, తెలిసిన ఒక్క మనుష్యుడు నోరు విప్పిన క్షణమున వ్యర్థమయ్యెను. అడవిలోని డబ్బాకు తాళము లేదు, కావలి లేదు. కనుగొన్న ఎవడైనను దానిని ఎత్తుకొని పోవచ్చును. అయినను అధికులు పేరు వ్రాసి, మూత బిగించి, తరువాత రాబోవు అపరిచితునికై దానిని మరల అచ్చటనే దాచి వెళ్లుచున్నారు. ఆ అపరిచితుని ముఖమును వారు ఎన్నడును చూడబోరు. ఎవరును చూడని చోట తనంతట తాను నియమమును పాటించువాని వలననే ఈ క్రీడ నిలిచియున్నది.