లెక్కల వెనుక సత్యం

పాఠ్యభాగ పరిచయం

న్యాయవాద వృత్తి అనగానే నల్లకోటు, సాక్షుల బోను, ఉద్వేగభరితమైన వాదనలు స్ఫురిస్తాయి. వీటికి దూరంగా, ఖాతా పుస్తకాల నడుమ నిశ్శబ్దంగా సాగే న్యాయవాదం మరొకటి ఉంది. ప్రజల మదుపును కాపాడే ఆ వృత్తి స్వరూపాన్ని, దాని బాధ్యతను సత్యం కంప్యూటర్స్ ఉదంతం ఆధారంగా ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

కష్టించి ఆర్జించినదానిలో కొంత రేపటి కోసం దాచుకోవడం మానవ స్వభావం. పూర్వం ఆ పొదుపు గాదెలోని ధాన్యంగానో, మెడలోని బంగారంగానో, ఊరిలోని భూమిగానో నిలిచేది. అది కంటికి కనిపించే సంపద. నేటి పొదుపులో చాలా భాగం కాగితం మీది మాటగా, కంప్యూటరులోని అంకెగా మారింది. డబ్బు ఇచ్చినవారు ఒకచోట, దానిని వినియోగించేవారు మరొకచోట ఉంటారు. ఉభయులనూ కలిపి ఉంచేది నమ్మకం. అది వమ్మైననాడు మదుపరికి రెండు అవసరాలు ఏర్పడతాయి. జరిగినదేమిటో తెలియాలి, తెలిసిన సత్యాన్ని విన్నవించుకోవడానికి ఒక న్యాయవేదిక ఉండాలి. ఈ రెండింటినీ సమకూర్చడమే మదుపు వివాదాల న్యాయవాది కర్తవ్యం.

ఓరుగల్లు సీమకు ఈ విషయంతో చారిత్రక సంబంధం ఉంది. నర్సంపేట సమీపంలోని లక్నేపల్లిలో 1921లో జన్మించిన పి.వి. నరసింహారావు స్వయంగా న్యాయశాస్త్ర పట్టభద్రులు. ఆయన ప్రధానమంత్రిగా ఉండగా 1991లో ఆర్థిక సంస్కరణలు ఆరంభమయ్యాయి. 1988లో ఏర్పడిన సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారాలు లభించాయి. వాటాల విపణిని పర్యవేక్షిస్తూ మదుపరుల ప్రయోజనాలను కాపాడవలసిన సంస్థ అది.

హనుమకొండ సుబేదారిలో కాకతీయ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల ఉంది. అటువంటి కళాశాలలో పట్టా పొంది స్థానిక న్యాయస్థానంలో అడుగుపెట్టిన యువ న్యాయవాదికి మదుపు వివాదం తొలుత చిట్టీ రూపంలోనే ఎదురుకావచ్చు. ఇరవై మంది సభ్యులు నెలకు ఐదు వేల రూపాయల చొప్పున ఇరవై నెలలు చెల్లిస్తే అది లక్ష రూపాయల చిట్టీ. పాట పాడుకొని సొమ్ము తీసుకున్న సభ్యుడు తరువాతి వాయిదాలు ఎగవేయవచ్చు. లేదా పాడుకున్నవారికి సొమ్ము చెల్లించడంలో నిర్వాహకుడే జాప్యం చేయవచ్చు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఇటువంటి తగవు సివిల్ కోర్టుకు కాక చిట్ల రిజిస్ట్రారు ముందుకు వెళ్లాలి. డిపాజిట్లు సేకరించి ఎగవేసిన సంస్థ విషయంలో మార్గం వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం ఆ సంస్థ ఆస్తులను జప్తు చేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఏ తలుపు తట్టాలో తెలియడమే ఈ వృత్తిలో మొదటి పాఠం.

తట్టడానికి సరైన తలుపే లేకపోతే ఏమవుతుందో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతం చూపింది. 1987లో స్థాపితమైన ఆ సంస్థ సుమారు 50 వేల మంది ఉద్యోగులతో దేశంలోని అగ్రశ్రేణి సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటిగా ఎదిగింది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ రాశారు. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఆ లేఖ సారాంశం. ఒక త్రైమాసికంలో 24 శాతంగా ప్రకటించిన నిర్వహణ లాభం వాస్తవానికి 3 శాతమే. ఆ ఒక్కరోజులో వాటా ధర 179 రూపాయల నుండి 40 రూపాయల దరిదాపులకు పడిపోయింది. కూతురి పెండ్లికనో, కొడుకు చదువుకనో ఆ వాటాలు కొనిపెట్టుకున్న సామాన్య కుటుంబాల పొదుపు సాయంత్రానికి నాలుగోవంతు కూడా మిగలలేదు.

లేఖ నేరాన్ని తెలిపింది. న్యాయస్థానం కోరేది రుజువును. దర్యాప్తు సంస్థలు కంప్యూటర్లను శోధించగా, చేయని పనికి సృష్టించిన నకిలీ ఇన్వాయిస్‌లు ఏడు వేలకు పైగా బయటపడ్డాయి. బ్యాంకుల వద్ద ఉన్న లెక్కలకూ, సంస్థ చూపిన డిపాజిట్ రసీదులకూ పొంతన కుదరలేదు. ప్రత్యేక న్యాయస్థానంలో సీబీఐ పక్షాన కె. సురేందర్ వాదనలు వినిపించారు. రెండు వందలకు పైగా సాక్షులనూ, సుమారు 3,000 పత్రాలనూ పరిశీలించిన అనంతరం 2015 ఏప్రిల్ 9న రామలింగరాజుతో సహా పదిమందికి ఏడేళ్ల జైలు శిక్ష పడింది. వారు అప్పీలు చేయగా, మరుసటి నెలలో పై కోర్టు శిక్షను నిలిపివేసి బెయిలు మంజూరు చేసింది.

నేరస్థునికి శిక్ష పడటం వేరు, నష్టపోయినవానికి సొమ్ము దక్కడం వేరు. సత్యం వాటాలు న్యూయార్క్ విపణిలోనూ అమ్ముడయ్యేవి. అక్కడి మదుపరులు అందరి తరఫునా ఒకే దావా వేయగలిగారు. ఫలితంగా 2011లో వారికి 12.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు సంస్థ ఒడంబడింది. భారతదేశంలో మదుపరుల సంఘం ఒకటి వినియోగదారుల జాతీయ కమిషన్‌ను ఆశ్రయించగా, అది తగిన వేదిక కాదన్న సమాధానమే వచ్చింది. సుప్రీంకోర్టు సైతం 2009లో జోక్యం చేసుకోలేదు. మోసం ఒక్కటే, మునిగినవారి కష్టమూ ఒక్కటే. ఒకరికి తలుపు తెరిచి ఉంది, మరొకరికి తలుపే లేదు.

ఆ లోటును పూరించడానికి 2013 నాటి కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ చేర్చారు. నిర్ణీత సంఖ్యలో వాటాదారులు లేదా డిపాజిటర్లు కలిసి సంస్థపై, డైరెక్టర్లపై, ఆడిటర్లపై ఉమ్మడి ఫిర్యాదు చేయవచ్చు. 2016 జూన్ 1న ఏర్పడిన జాతీయ కంపెనీ చట్ట ట్రిబ్యునల్ దానిని విచారిస్తుంది. అదే చట్టం తీవ్ర మోసాల దర్యాప్తు కార్యాలయానికి చట్టబద్ధమైన హోదా కల్పించింది. తీవ్రమైన మోసానికి పదేళ్ల వరకు జైలు శిక్ష విధించింది.

ఈ చట్టాలు వచ్చిన తరువాత సంస్థలు తమలో అనుమానం తలెత్తగానే స్వయంగా విచారణ జరిపించుకోవడం పెరిగింది. ఆ బాధ్యత తీసుకున్న న్యాయవాది ముందుగా పత్రాలు, ఈమెయిళ్లు మాయం కాకుండా భద్రపరుస్తాడు. ఎలక్ట్రానిక్ పత్రం సాక్ష్యంగా చెల్లాలంటే చట్టం కోరిన ధ్రువపత్రం జతపరచాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నియమాన్ని కొనసాగించింది. పిమ్మట లెక్కల నిపుణుల సాయంతో సొమ్ము నడిచిన దారిని గుర్తించి, ఉద్యోగులతో మాట్లాడతాడు. తాను సంస్థకు న్యాయవాదినే గాని ఉద్యోగికి కాదన్న సంగతి వారికి ముందే తెలపడం అతని ధర్మం. ఫీజు ఇచ్చిన యాజమాన్యమే దోషి అని తేలినప్పుడు నివేదికలో ఆ మాట రాయగలగడం అతనికి నిజమైన పరీక్ష.

ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులు లాసెట్ ద్వారా ఐదేళ్ల న్యాయవిద్యలో, పట్టభద్రులు మూడేళ్ల కోర్సులో చేరవచ్చు. పిదప బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకొని, అఖిల భారత బార్ పరీక్షలో నెగ్గాలి. వాక్చాతుర్యం కన్న ఓర్పు, చట్టజ్ఞానంతో పాటు లెక్కలు చదవగల నేర్పు ఈ రంగానికి ముఖ్యం. హనుమకొండలో ఒక చిట్టీ పాసుపుస్తకాన్ని ఏకాగ్రతతో చదవడం నేర్చినవానికి వేల కోట్ల సంస్థ ఆస్తి అప్పుల పట్టిక కొత్త కాదు. రెండింటిలోనూ అంకెల వెనుక ఉన్నది ఒక కుటుంబపు కష్టార్జితమే. దానిని మరువని న్యాయవాదే మదుపరికి అండ.

కఠిన పదాలకు అర్థాలు

మదుపరి = లాభం ఆశించి సొమ్ము పెట్టినవాడు
ఉదంతం = జరిగిన సంగతి
వమ్మగు = వ్యర్థమగు
విపణి = అంగడి, మార్కెట్
త్రైమాసికం = మూడు నెలల కాలం
పొంతన = పోలిక, సరిపోలడం
ఒడంబడు = అంగీకరించు

ప్రశ్నలు

1. చిట్టీ వివాదానికీ, డిపాజిట్ల ఎగవేతకూ చట్టం చూపిన మార్గాలను తెలపండి.
2. సత్యం ఉదంతంలో అమెరికా మదుపరులకూ, భారతీయ మదుపరులకూ కలిగిన అనుభవాలను పోల్చి రాయండి.
3. సంస్థాగత విచారణలో న్యాయవాది పాటించవలసిన ధర్మాలు ఏవి?
4. ‘ఒకరికి తలుపు తెరిచి ఉంది, మరొకరికి తలుపే లేదు’ – సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.