మెలకువ వచ్చింది, మరి బలం వచ్చిందా?

ఆపరేషన్ అయిపోయిందని చెప్పాక కూడా పేషెంటును వెంటనే బయటికి తీసుకురాకపోతే వరండాలో ఉన్నవారు కంగారు పడతారు. ఆ సమయంలో లోపల జరిగే ఒక ముఖ్యమైన పరీక్షను గురించి తెలుసుకుందాము.

పూర్తి మత్తు ఇచ్చినప్పుడు చాలా ఆపరేషన్లలో నిద్ర మందుతో పాటు కండరాలను వదులు చేసే మందు కూడా ఇస్తారు. పొట్ట బిగిసి ఉంటే సర్జన్ పని చేయలేరు. 1942లో కెనడాలోని మాంట్రియల్‌లో డాక్టర్ గ్రిఫిత్, డాక్టర్ జాన్సన్ వాడి చూపిన తరువాత ఈ పద్ధతి వ్యాపించింది.

అయితే ఈ మందు ఊపిరి తీసే కండరాలను కూడా వదులు చేస్తుంది. అందుకే అంతసేపూ మిషన్‌తో శ్వాస ఇస్తారు. పేషెంటు కళ్ళు తెరిచినా ఈ మందు ఇంకా కొంత మిగిలి ఉండవచ్చు. అప్పుడే గొట్టం తీసేస్తే ఆయాసం వస్తుంది, ఉమ్మి ఊపిరితిత్తులలోకి పోవచ్చు.

ఎలా చూస్తారు?

మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు రెండు స్టిక్కర్లు అంటించి, రెండు సెకన్లలో నాలుగుసార్లు స్వల్పంగా కరెంటు ఇస్తారు. మందు పూర్తిగా పనిచేస్తుంటే బొటనవేలు కదలదు. మందు తగ్గేకొద్దీ ఒకటి, రెండు, మూడు, నాలుగు కదలికలు తిరిగి వస్తాయి. నాలుగూ వస్తే చాలదు. మొదటి కదలిక బలం 100 అనుకుంటే నాలుగవది కనీసం 90 ఉండాలి. ఈ తేడా కంటికి తెలియదు, కొలిచే మిషన్ కావాలి. తల ఎత్తమనడం, చెయ్యి గట్టిగా పట్టుకోమనడం మంచివే గాని, వాటినే నమ్ముకోకూడదు. అవసరమైతే నియోస్టిగ్మిన్ గాని సుగమ్మడెక్స్ గాని విరుగుడుగా ఇస్తారు.

మీరు మాకు చెప్పవలసినవి

1. మీకు గాని, రక్తసంబంధీకులకు గాని ఇదివరకు మత్తు తరువాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా? సక్సినైల్‌కోలిన్ అనే మందును రక్తంలో విడగొట్టే ఎంజైము కొందరికి పుట్టుకతోనే లోపిస్తుంది. నిమిషాలలో తగ్గవలసిన మందు వారిలో గంటలు ఉంటుంది. మన వైశ్య కుటుంబాలలో ఈ లోపం ఎక్కువని పరిశోధనలలో తేలింది. మేనరికాలలో ఇది బయటపడే అవకాశం పెరుగుతుంది.
2. మయస్థీనియా వంటి కండరాల జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నాయా?
3. వాడుతున్న మందులన్నీ చీటీలతో సహా తెచ్చి చూపండి.

ఇవి మత్తు డాక్టరు గారికి ముందే తెలిస్తే తగిన మందును ఎంచుకుంటారు. ఆలస్యమైతే మా సిస్టర్లను అడగండి, లోపల ఏం జరుగుతోందో కనుక్కుని చెబుతాము. బొటనవేలికి బలం వచ్చేదాకా ఆగే ఆ కొద్ది నిమిషాలు పేషెంటు క్షేమం కోసమే.