ఆరు చుక్కల నేల పెంకు పురుగు

మెట్ట గ్రామములలో రాళ్ళును, ముండ్ల తుప్పలును గల బంజరు నేలలు పెక్కు కలవు. ప్రొద్దు గ్రుంకు వేళ అట్టి నేలలపై వడిగా పరుగిడు ఒక పెద్ద నల్లని పురుగును పసులకాపరులు చూచియుందురు. విషపు పురుగను భయముచే దానిని రాతితో నలిపివేయువారును కలరు. అట్లు చేయుటకు ముందు దానిని సరిగా గుర్తింపవలెనని మా మనవి.

ఇది ఆరు చుక్కల నేల పెంకు పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని ఆంథియా సెక్స్‌గుట్టాటా అందురు. ఆ పేరునకును ఆరు చుక్కలు గలదనియే అర్థము. పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. ఒడలు నలుపు, కాళ్ళు పొడవు, దవడలు బలమైనవి. తల వెనుక మెడవంటి భాగముపై రెండు, వీపుపై నాలుగు తెల్లని చుక్కలుండును.

ఇట్టి తుప్పల నేలలోనే నల్లని ఒడలిపై ఏడు తెల్లని చుక్కలు గల ఒక బొద్దింకయు నివసించును. అది పొట్టిగను, గుండ్రముగను ఉండును. కావున ఆకారమును చూచి, చుక్కలను లెక్కించినచో పొరపాటు కలుగదు.

నేల పెంకు పురుగు ఇతర కీటకములను వేటాడి తినును, పైరును కొరుకదు. అయితే దానిని చేత పట్టరాదు. బెదరినచో తోక వైపునుండి మంట పుట్టించు ద్రవమును చిమ్మును. చీమలలో నుండు ఫార్మిక్ ఆమ్లమే ఈ ప్రజాతి పురుగులలోను కలదు. అది కంట పడినచో వెంటనే మంచినీటితో బాగుగా కడిగి, వైద్యునికి చూపవలెను. పిల్లలకు ఈ విషయమును ముందే తెలుపుట మంచిది.

ముఖ్య విషయమింకొకటి కలదు. ఈ పురుగు ఎగురలేదు. తుప్పలకు నిప్పు పెట్టినను, గుట్టను కంకరకై త్రవ్వినను, పక్షివలె మరియొక చోటికి ఎగిరిపోజాలదు. ఒకచోట నశించినచో దూరమునుండి తిరిగి వచ్చి చేరుటయు కష్టమే. మనము పనికిరానిదని తలచు బంజరే దానికి ఇల్లు.

2002వ సంవత్సరపు జీవవైవిధ్య చట్టము ననుసరించి గ్రామస్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడినవి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరచుట వాని ముఖ్య కర్తవ్యము. పంచాయతి సభ్యులు పసులకాపరులను విచారించి, ఈ పురుగు కనిపించిన చోటును, తేదీని అందు వ్రాయింపవలెను. ఉమ్మడి బంజరును చదును చేయు తీర్మానము వచ్చినపుడు, రాళ్ళతో తుప్పలతో కొంత భాగమునైనను విడిచిపెట్టుటను గూర్చి గ్రామసభలో చర్చింపవలెను. ఇందుకు పంచాయతికి సొమ్ముతో పనిలేదు. శ్రద్ధ యున్న చాలును.