గ్రాఫు గీసి చర్యా క్రమాంకం చెప్పడం ఎలా?

ఇంటర్ రెండో సంవత్సరంలో రసాయన గతిశాస్త్రం రాగానే చాలామంది సూత్రాలు బట్టీపట్టి గ్రాఫు లెక్క వదిలేస్తారు. నేనూ వదిలేసినవాణ్నే. ప్రీ ఫైనల్లో దానికి ఫలితం అనుభవించాను.

318 కెల్విన్ వద్ద డైనైట్రోజన్ పెంటాక్సైడ్ వియోగం తీసుకుందాం. సమీకరణంలో దాని ముందు 2 ఉంటుంది. అది చూసి ద్వితీయ క్రమాంకం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. క్రమాంకం ప్రయోగం చెప్పాలి, సమీకరణం కాదు.

మొదలు నుంచి ప్రతి 400 సెకన్లకు గాఢత (లీటరుకు మోల్‌లో నూరో వంతుల్లో) ఇలా ఉంటుంది: 1.63, 1.36, 1.14, 0.93, 0.78, 0.64, 0.53, 0.43, 0.35.

మూడు గ్రాఫులు గీయాలి. అన్నిటికీ అడ్డంగా కాలమే. నిలువుగా గాఢత తీసుకుంటే సరళరేఖ వచ్చేది శూన్య క్రమాంకానికి. గాఢత సంవర్గమానం తీసుకుంటే ప్రథమ క్రమాంకానికి. 1/గాఢత తీసుకుంటే ద్వితీయ క్రమాంకానికి.

నేను టైము చాలక మొదటి నాలుగు బిందువులే పెట్టాను. స్కేలు ఆనిస్తే గాఢత గ్రాఫే ఇంచుమించు సరళరేఖలా కనిపించింది. శూన్య క్రమాంకం అని రాసేశాను, మార్కులు పోయాయి. ఆ రాత్రి స్టడీ అవర్లో మా సీనియర్ అన్న మిగతా అయిదు బిందువులు కూడా పెట్టించాడు. గీత వంగిపోయింది! మొదట్లో ఏ వక్రమైనా సరళంగానే కనిపిస్తుంది. చర్య సగం దాటాకే అసలు రూపం బయటపడుతుంది.

సంవర్గమానాలు తీసేటప్పుడు జాగ్రత్త. 0.0163కి లాగ్ పట్టికతో వచ్చేది బార్ 2.2122. దాన్ని −2.2122 అని గుర్తించకండి, −2కి 0.2122 కలిపితే −1.79. చివరిది −2.46. మధ్యలో ప్రతి 400 సెకన్లకూ తగ్గుదల 0.08, 0.09 దగ్గరే ఉంటుంది. అంటే సరళరేఖ, ప్రథమ క్రమాంకం. 1/గాఢత మాత్రం మొదట 12 పెరిగి, చివర 53 పెరుగుతుంది.

వాలు −0.67/3200. గుర్తు మార్చి 2.303తో గుణిస్తే వేగ స్థిరాంకం సెకనుకు 4.82 × 10⁻⁴. ఈ 2.303 మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

గ్రాఫు షీటు ఒక్కటే మిగిలిందా? గాఢత గ్రాఫు మీదే సరిచూసుకోవచ్చు. 1.63 సగమవడానికి సుమారు 24 నిమిషాలు, ఆ సగం మళ్లీ సగమవడానికీ 24 నిమిషాలే. శూన్య క్రమాంకమైతే రెండోసారి 12 చాలు, ద్వితీయమైతే 48 కావాలి.