పేరు మారింది, కాగితం మారలేదు

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. పక్కనే ఉన్న మా ప్రోతరాపూర్ పేరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అంతకుముందు 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. ఓడ టికెట్టు కౌంటర్లో పాత పేరు చెప్పినా, కొత్త పేరు చెప్పినా గుమస్తాకు అర్థమవుతుంది. మనుషులు రెండు పేర్లూ గుర్తుపెట్టుకుంటారు. కంప్యూటర్‌కు ఆ వెసులుబాటు లేదు.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతోనే గుర్తిస్తాయి. మనం బ్రౌజర్‌లో బ్యాంకు పేరు కొట్టగానే, ఆ పేరుకు చెందిన ఐపీ చిరునామా ఏమిటో అది ఎవరినైనా అడగాలి. అలా అడిగితే చెప్పేదే డొమైన్ నేమ్ సర్వర్. ఈ ఏర్పాటంతటినీ డీఎన్‌ఎస్ అంటారు. ఫోన్లో అమ్మ పేరు నొక్కితే నంబరు కలిసినట్టే అనుకోండి. కాకపోతే ఫోన్లో నంబర్లు మన దగ్గరే ఉంటాయి, ఇక్కడ బయట అడగాలి.

తొలిరోజుల్లో ఇంటర్నెట్ కూడా ఫోన్ పుస్తకం పద్ధతిలోనే నడిచింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర అన్ని యంత్రాల పేర్లూ, అంకెలూ ఉన్న ఒకే ఒక ఫైలు ఉండేది. ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది, మిగతావారు కాపీ చేసుకునేవారు. యంత్రాలు పెరిగేకొద్దీ ఎవరి కాపీ కొత్తదో, ఎవరిది పాతదో తెలియకుండా పోయింది. 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్ ఈ చిక్కు విప్పింది. ఎవరి జాబితా వారే చూసుకుంటారు, కావలసినవారు కావలసినప్పుడు అడుగుతారు.

ఇందులో నాకు బాగా నచ్చినది టీటీఎల్. సర్వర్ జవాబు ఇస్తూనే, అది ఎన్ని సెకన్లు చెల్లుతుందో కూడా చెబుతుంది. 3600 అంటే గంట, 86400 అంటే ఒక రోజు. గడువు దాటాక ఆ జవాబును పక్కన పడేసి మళ్ళీ అడగాల్సిందే. డిమాండ్ డ్రాఫ్టుకు మూడు నెలల గడువు తెలిసిన మన ఇళ్ళలో ఇంతకంటే వివరించనక్కర్లేదు.

మనం రాసి గోడకు అంటించే సాంకేతిక సూచనలకు మాత్రం ఇలాంటి గడువేదీ ఉండదు. కిందటి నవంబరులో, పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ల కోసం వచ్చే రోజుల్లో, ఇక్కడి ఒక శాఖలో కంప్యూటర్లు పొద్దున చకచకా నడిచి మధ్యాహ్నానికి నత్తనడక పట్టేవి. శ్రీకాకుళం నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్దాయన బెంచీ మీద గంటన్నర కూర్చుని, "బాబూ, సముద్రంలో తీగ తెగిందా?" అని నన్ను అడిగారు.

ఆయన అనుమానంలో తప్పు లేదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఈ ద్వీపాలకు ఉపగ్రహమే ఆధారం. ఉపగ్రహం ఉండేది సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. ప్రశ్న పైకెళ్ళి కిందికి రావాలి, జవాబూ అలాగే రావాలి. కాంతి వేగంతో వెళ్ళినా ఆ రాకపోకలకే దాదాపు అర సెకను పడుతుంది. ఇప్పుడు సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ చెన్నైతో మమ్మల్నీ, మరికొన్ని ద్వీపాలనూ కలుపుతోంది. ఏది నెమ్మదించినా ముందు దాన్నే అనుమానించడం ఇక్కడ అందరికీ అలవాటు.

ఆ రోజు కేబుల్ నిక్షేపంగా ఉంది. కారణం నెట్‌వర్క్ పెట్టె తలుపు లోపల టేపుతో అంటించిన ఒక కాగితం. "నెట్ రాకపోతే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచి మొదటి వరుసలో ఈ చిరునామా రాయండి" అని ఉంది. రాసినవారు జాగ్రత్తగానే రాశారు, అప్పటికి అది సరైనదే. తరువాత ఆ చిరునామా ఉన్న సర్వర్‌ను తీసేశారు. లినక్స్‌లో ఈ ఫైలు చదివే ప్రోగ్రాములు వరుసగా మూడు సర్వర్ల వరకు మాత్రమే చూస్తాయి. మొదటిది పలకకపోతే మామూలుగా 5 సెకన్లు ఎదురుచూసి రెండోదాన్ని అడుగుతాయి. ఒక్కో లావాదేవీకి నాలుగైదు పేర్లు వెతకాల్సి వస్తే బెంచీ మీది పెద్దాయనకు ఎంతసేపో లెక్క వేసుకోండి.

మరి పొద్దున ఎందుకు బాగుండేది? ఇప్పటి ఉబుంటు వంటి లినక్స్‌లలో ఆ ఫైలును మనిషి రాయడు, సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే సేవ రాస్తుంది. అందులో సర్వర్ చిరునామాగా కనిపించేది 127.0.0.53, అంటే ఆ యంత్రమే. దీన్ని చేత్తో మార్చకండని ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది. మనం మార్చినా, యంత్రం ఆపి మళ్ళీ పెట్టగానే సొంత రాత రాసేసుకుంటుంది. అందుకే ప్రతి ఉదయం అంతా సవ్యంగా ఉండేది. ఏ చిన్న అంతరాయం కలిగినా ఎవరో ఒకరు శ్రద్ధగా కాగితం చూసి సరిచేసేవారు, దాంతో మళ్ళీ మొదటికి వచ్చేది. సిబ్బందిని తప్పుపట్టడానికి లేదు. గోడ మీది కాగితాన్ని నమ్మాలనే కదా మనం వారికి నేర్పింది!

కొత్త కాగితం రాసే పని నాకు అప్పగించారు. పాతదాంట్లో అంకె మార్చి అంటిస్తే పది నిమిషాల పని, కానీ ఇంకో రెండేళ్ళకు అదే కథ. అందుకని సర్వర్ చిరునామానే కాగితంలోంచి తీసేశాను. దాని బదులు రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ అనే ఆదేశం ఇస్తే యంత్రం ఇప్పుడు ఎవరిని అడుగుతోందో కనిపిస్తుందనీ, అది సరైనదో కాదో ఎవరికి ఫోన్ చేసి కనుక్కోవాలనీ రాశాను. పేరు కాదు, హోదా. మనుషులు బదిలీ అవుతారు కదా. పైన రాసిన తేదీ, దాని పక్కన మళ్ళీ సరిచూడాల్సిన తేదీ. మొత్తం ఒక పేజీ. అంతకంటే పెద్దదైతే హడావుడిలో ఎవరూ చదవరు. రాయడం కంటే, పాత కాపీలు ఎన్నిచోట్ల ఉన్నాయో వెతకడానికే నాకు ఎక్కువ సమయం పట్టింది. డ్రాయర్లో రెండు, ఒకరి ఫోన్లో ఫోటోగా ఒకటి దొరికాయి.

ఇలాంటి పాత కాపీలు మీ ఇంట్లోనూ ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక చిరునామాను ప్రకటించింది, మారడానికి 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. వీటిని నమోదు చేసేది హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే. బ్యాంకు కానివారికి ఆ పేరు దొరకదు. మోసగాళ్ళు చేయగలిగింది ఆ మాటలను పేరు మధ్యలో ఇరికించడం. కాబట్టి స్లాష్ గుర్తుకు ముందున్న భాగాన్ని కుడివైపు నుంచి చదవండి. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవారు కింది వరుసలోని పిన్ కోడ్ ముందు చూసినట్టు. చివరి రెండు మాటలు బ్యాంక్, ఇన్ కావాలి. వాటి తరువాత చుక్క పెట్టి ఇంకేదైనా ఉంటే అది బ్యాంకు కాదు.

పాత పేరు కొట్టినా కొన్నాళ్ళు కొత్తదానికే దారి మళ్ళవచ్చు. కానీ డొమైన్ పేరుకు రుసుము కట్టి పునరుద్ధరించుకుంటూ ఉండాలి. ఎవరైనా వదిలేసిన పేరును ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. ఈ ఆదివారం అమ్మానాన్నల డైరీ అట్ట వెనక, ఫోన్లో దాచుకున్న లింకుల్లో బ్యాంకు చిరునామా ఏమని ఉందో చూడండి. పాతదైతే కొట్టేసి, శాఖలో అడిగి కొత్తది రాయండి. పక్కన ఆనాటి తేదీ వేయండి.